గురి గల సాధన: బడి మైదానంలో క్రీడాకారుల ఎదుగుదల

రోజూ రెండు గంటలు మైదానంలో గడిపిన పిల్లవాడు ఏడాది తిరిగేసరికి మంచి ఆటగాడు అయితీరుతాడన్న హామీ లేదు. ఒళ్లు గట్టిపడుతుంది, ఆయాసం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది. ఇవి చిన్న లాభాలేమీ కావు. అయితే కబడ్డీలో కూతకు వెళ్లిన ప్రతిసారీ ఒకే మూలకు పోయే అలవాటు, వాలీబాల్ సర్వీసులో బంతిని తల వెనక్కి ఎగరేసే తప్పు, లాంగ్‌జంప్‌లో టేకాఫ్ బోర్డు దగ్గరికి రాగానే తడబడే అడుగులు ఏడాది కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. రోజూ వందసార్లు చేస్తే తప్పు కూడా ముదిరిపోతుంది. ముదిరిన తప్పును మాన్పించడం కొత్త పిల్లవాడికి మొదటినుంచి నేర్పడం కంటే కష్టం. పశ్చిమ ప్రకాశంలో మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు బడుల్లో పిల్లలకు ఒళ్లు దాచుకునే గుణం లేదు. తెల్లవారుజామున లేవడం, ఎండకు ఓర్చుకోవడం, రాళ్లు తేలిన నేల మీద పరుగెత్తడం వాళ్లకు అలవాటే. వాళ్లకు కొరతపడుతున్నది ఆ కష్టానికి ఒక గురి. ఫలానా లోపాన్ని ఫలానా పద్ధతిలో సరిచేయాలని ముందే అనుకుని, ఆ పనికోసమే ఏర్పాటు చేసుకున్న అభ్యాసం గురి గల సాధన అవుతుంది.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పట్టించుకున్నవారిలో ముఖ్యుడు ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఇద్దరు సహచరులతో కలిసి 1993లో ఆయన ప్రచురించిన పరిశోధనా పత్రం బెర్లిన్ సంగీత అకాడమీలోని వయొలిన్ విద్యార్థుల సాధన గురించి. అందరిలోకీ మేటి విద్యార్థులు 20 ఏళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలకు పైగా ఒంటరి సాధన చేశారని అందులో తేలింది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకంతో ఆ పదివేల గంటల లెక్క లోకమంతా పాకింది. ఎరిక్సన్ మాత్రం తన పరిశోధన సారం అది కాదని చివరిదాకా చెబుతూనే వచ్చాడు. ఆయన దృష్టిలో అసలు సంగతి ఆ గంటల్లో జరిగిన పని. నేర్చుకునేవాడి శక్తికి కాస్త మించిన పని ఇవ్వాలి. అది అతని ఫలానా బలహీనతకు సంబంధించినదై ఉండాలి. చేస్తున్నంతసేపూ మనసు దానిమీదే ఉండాలి. చేసినది సరిగా వచ్చిందో లేదో వెంటనే తెలియాలి. తెలిసినదాన్నిబట్టి మరోసారి ప్రయత్నించాలి. ఇలాంటి సాధన అలసట తెస్తుంది కనుక ఆ మేటి విద్యార్థులు కూడా రోజుకు మొత్తం నాలుగు గంటలకు మించి చేయలేకపోయారు. దాన్నీ విడతలుగా, మధ్యలో విశ్రాంతితో చేశారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) చేతికి దొరికే 45 నిమిషాల పీరియడ్ ఇలా చూస్తే మరీ తక్కువ సమయమేమీ కాదు.

సాధన ఒక్కటే అన్నీ చేసిపెట్టదన్నది కూడా తేలిన సంగతే. 2014లో మెక్‌నమారా, హాంబ్రిక్, ఆస్వాల్డ్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కూర్చి లెక్కకడితే, ఆటగాళ్ల మధ్య కనిపించే తేడాల్లో గురి గల సాధన వాటా సుమారు 18 శాతమని వచ్చింది. ఒంటి తీరు, ఎదిగే వయసు, తిండి, దొరికిన గురువు, ఇంటి పరిస్థితి, మొదలుపెట్టిన ఆట ఆ పిల్లవాడికి సరిపడేదేనా అన్నది, ఇవన్నీ మిగతా వాటాలో ఉంటాయి. 18 శాతాన్ని చూసి నిరాశపడనక్కర్లేదు. మిగతా వాటాలో ఎక్కువ భాగం ఎవరి చేతిలోనూ లేదు. ఈ వాటా మాత్రం రేపు పొద్దున్నే బడి మైదానంలో మార్చుకోగలిగినది.

నేర్చుకోవడం అంటే ఒకే కదలికను అచ్చుగుద్దినట్టు తిరిగి తిరిగి చేయడమనే నమ్మకం మైదానాల్లో చాలా గట్టిగా ఉంది. దాన్ని మొదట ప్రశ్నించినవాడు రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్. 1920లలో మాస్కోలో ఆయన ఉలి మీద సుత్తి దెబ్బ వేసే పనివాళ్లను చిత్రాలు తీసి గమనించాడు. చేయి తిరిగిన పనివాడి సుత్తి ప్రతిసారీ ఒకేచోట పడుతోంది. కానీ భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ఏ రెండు దెబ్బల్లోనూ సరిగ్గా ఒకే దారిలో కదలడం లేదు. ఒక కీలు కాస్త అటు పోతే మరో కీలు దాన్ని సర్దుకుంటోంది. అంటే నేర్పరి ఒక కదలికను కంఠస్థం చేయలేదు, దెబ్బ గురి తప్పకుండా సర్దుకోవడం నేర్చాడు. ఆటకు ఇది మరింత వర్తిస్తుంది. గాలి, నేల, ఎదుటివాడు, అలసట ప్రతిసారీ మారుతూనే ఉంటాయి. సాధనలో పిల్లవాడు తిరిగి తిరిగి చేయాల్సింది అలా సర్దుకునే పనినే.

ఇదంతా మైదానంలో ఎలా ఉంటుందో చూడటానికి ఖో-ఖో కంటే మంచి ఆట ఈ ప్రాంతంలో లేదు. గీతలు గీసుకోవడానికి సున్నం, రెండు పోల్‌లు ఉంటే చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖో-ఖో ప్రపంచకప్ ఫైనల్లో నేపాల్‌ను 54-36తో ఓడించిన భారత పురుషుల జట్టులో ప్రకాశం జిల్లా ఆటగాడు పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. జిల్లా బడుల్లో ఈ ఆట ఆడని పిల్లలు అరుదు. అయినా సాధన పేరుతో ఎక్కువచోట్ల జరిగేది రెండు జట్లుగా విడిపోయి సాయంత్రం దాకా ఆట ఆడటమే. ఆటలో ఉత్సాహం ఉంటుంది, అది ఉండాలి కూడా. కానీ అరగంట ఆటలో ఒక్కో ఛేజర్‌కు ఖో అందేది కొద్దిసార్లే. పోల్ దగ్గర తిరిగే అవకాశం రావడం ఇంకా తక్కువ. లోపం ఉన్న చోట పదిసార్లు కూడా పని జరగదు.

మామూలు ఖో-ఖోలో ఎనిమిది మంది ఛేజర్లు మధ్య గీత మీద వరుసగా, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరిమేవాడు మధ్య గీత దాటకూడదు. ఒక దిక్కు పట్టాక పోల్ దాకా వెళ్లకుండా వెనక్కి తిరగకూడదు. వెనకనుంచి తాకి ‘ఖో’ అన్నాకే కూర్చున్నవాడు లేవాలి, ముందే లేస్తే ఫౌల్. ఈ నియమాల్లోంచే నాలుగు వేరువేరు నైపుణ్యాలు పుడతాయి: కూర్చున్న చోటునుంచి లేచే వేగం, మొదటి మూడు అడుగులు, తానే తరమాలా ఖో ఇవ్వాలా అన్న నిర్ణయం, పోల్ దగ్గర మలుపు. ఒక్కోదానికి ఒక్కో రకం సాధన కావాలి. మొదటిదాన్నే తీసుకుంటే, పిల్లవాడు గడిలో కూర్చుంటాడు, కళ్లు రన్నర్ మీద ఉంటాయి. వెనకనున్న జోడీ ఒకసారి తాకి ఖో అంటాడు, ఒకసారి తాకకుండా అరుస్తాడు, ఒకసారి మాట లేకుండా తాకుతాడు. సరైన ఖోకే లేవాలి, లేచి అయిదు మీటర్ల దూరంలో ఉన్న గుర్తును తాకాలి. ఇంకొకరు స్టాప్‌వాచ్ పట్టుకుంటారు. సెల్‌ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, చాలామంది లేవగానే నిటారుగా నిలబడి, ఆ తర్వాత ముందుకు వంగుతున్నారని తెలుస్తుంది. ఆ నిలబడటంలో పోయేది రెప్పపాటు కాలమే, రన్నర్ చేయి అందకుండా తప్పించుకునేది కూడా ఆ రెప్పపాటులోనే. లోపం ఎక్కడుందో ఇప్పుడు పిల్లవాడికే కనబడింది. ఇక ఆ వారమంతా అతనికి ఒకటే పని: లేచేటప్పుడు తల పైకి పోకుండా ముందుకు పోవాలి. పోల్ డైవ్ నేర్పేటప్పుడు మాత్రం రాళ్ల నేల మీద సాహసం పనికిరాదు. పోల్ చుట్టూ రెండు మీటర్ల మేర తవ్వి ఇసుక పోసిన తర్వాతే పిల్లల్ని దూకనివ్వాలి. మోచేయి ఒకసారి చీరుకుపోతే ఆ భయం నెలల తరబడి పోదు.

పని ఎంత కష్టంగా ఉండాలన్నది కోచ్ రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న. గ్వాడగ్నోలి, లీ అనే పరిశోధకులు 2004లో దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. మరీ తేలికైన పనిలో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, మరీ కష్టమైతే ఏది ఎందుకు తప్పిందో తెలియదు. మేలైన చోటు ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది, అది పిల్లవాడినిబట్టి మారుతుంది. మైదానంలో వాడుకోవడానికి ఒక అంచనా చాలు. ఇరవై ప్రయత్నాల్లో పద్దెనిమిది సరిగా వస్తుంటే పని కాస్త కష్టం చేయాలి, ఆరేడు మాత్రమే వస్తుంటే తేలిక చేయాలి. పదో తరగతి పిల్లవాడికీ ఆరో తరగతి పిల్లకూ ఒకే నెట్, ఒకే షాట్‌పుట్, ఒకే దూరం పెట్టడం ఈ లెక్కన తప్పు. ప్రపంచమంతటా ఈ దిద్దుబాటు జరిగింది. పదేళ్లలోపు పిల్లల టెన్నిస్ పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. మెత్తటి, నెమ్మదైన బంతి భుజం ఎత్తు దాటి ఎగరదు కనుక పిల్లలు సరైన ఒడుపుతో కొట్టగలుగుతారు. పెద్ద మహిళల వంద మీటర్ల హర్డిల్స్‌లో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లయితే 18 ఏళ్లలోపు అమ్మాయిలకు 76.2. వాలీబాల్ నెట్‌ను ఓ అడుగు దించడానికి ఏ నిధులూ అక్కర్లేదు.

రకరకాలుగా చేయించడం వల్ల ఏం జరుగుతుందో తేల్చిన రెండు ప్రయోగాలు ప్రతి పీఈటీకీ తెలిసి ఉండాలి. 1978లో కెర్, బూత్ ఎనిమిదేళ్ల పిల్లలతో చిన్న గింజల సంచుల్ని గురి చూసి విసిరించారు. ఒక జట్టు ఎప్పుడూ మూడు అడుగుల దూరం నుంచే విసిరింది. రెండో జట్టు రెండు అడుగుల నుంచీ నాలుగు అడుగుల నుంచీ విసిరింది, మూడు అడుగుల దూరం దానికి అలవాటే లేదు. చివరి పరీక్ష మూడు అడుగుల నుంచే పెట్టారు. రెండో జట్టే మేలనిపించుకుంది. 1986లో గుడ్, మేగిల్ బ్యాడ్మింటన్‌లో మూడు రకాల సర్వీసులతో ఇలాంటిదే చేశారు. ఒక రోజంతా ఒకే రకం సర్వీసు చేసినవారి కంటే మూడింటినీ కలగాపులగంగా చేసినవారికి తర్వాతి పరీక్షలో ఎక్కువ నిలిచింది. కోర్టు అవతలి వైపునుంచి సర్వీసు చేయమన్నప్పుడు కూడా వాళ్లే తేలిగ్గా చేశారు. ఇందులో చిక్కు ఏమిటంటే, కలగాపులగంగా చేస్తున్న రోజున ఆట అందంగా కనబడదు, తప్పులు ఎక్కువ పోతాయి. ఒకే సర్వీసును యాభైసార్లు వరుసగా చేసిన పిల్లవాడు ఆ సాయంత్రానికి ఆరితేరినట్టు కనిపిస్తాడు. చూడవచ్చిన హెడ్మాస్టరు గారికీ, తల్లిదండ్రులకూ అదే నచ్చుతుంది. నేర్చినది నిలిచిందో లేదో తెలిసేది మాత్రం నాలుగు రోజుల తర్వాత, ముందుగా చెప్పకుండా పరీక్షించినప్పుడే. కొత్త నైపుణ్యాన్ని మొదటి ఒకటి రెండు రోజులు విడిగా నేర్పి, రూపు రాగానే మిగతావాటితో కలిపేయడం మంచి పద్ధతి.

దిద్దుబాటు మాట ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది సాధనలో అన్నిటికంటే సున్నితమైన భాగం. గట్టున నిలబడి ప్రతి కదలికకూ అరిచే కోచ్ కష్టపడుతున్నట్టు కనిపిస్తాడు. 1990లో విన్‌స్టైన్, ష్మిట్ చేసిన ప్రయోగాల్లో, ప్రతి ప్రయత్నం తర్వాత ఫలితం చెప్పించుకున్నవారి కంటే సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవారు మర్నాటి పరీక్షలో బాగా చేశారు. ఎప్పుడూ పక్కనుంచి చెప్పేవారుంటే పిల్లవాడు తన ఒంటిని తాను వినడం మానేస్తాడు. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు పంతులుగారు మొదట చేయి పట్టి రాయిస్తారు, తర్వాత వేలు మాత్రం ఆనిస్తారు, ఆపైన పూర్తిగా వదిలేసి రాసింది చూసి చెబుతారు. పలకల ఊరైన మార్కాపురంలో ఈ క్రమాన్ని ఎవరికీ కొత్తగా వివరించనక్కర్లేదు, మైదానంలోనూ అదే పాటిస్తే సరిపోతుంది. అయిదు ప్రయత్నాలు చేయనిచ్చి, ‘ఏమనిపించింది?’ అని ముందు పిల్లవాడినే అడిగి, అప్పుడు ఒక్క మాట చెప్పాలి. రెండో మాట రేపటికి వాయిదా వేయాలి.

ఆ ఒక్క మాట ఏమిటన్నది కూడా ముఖ్యమే. గాబ్రియెలె వుల్ఫ్ 1998 నుంచి చేస్తూ వచ్చిన పరిశోధనలు, ఒంటి భాగాల మీదకంటే ఆ కదలిక బయట కలిగించే ఫలితం మీద మనసు పెట్టినప్పుడు నేర్పు త్వరగా వస్తుందని చూపాయి. ‘మోకాలు ఇంత వంచు, మణికట్టు అంత తిప్పు’ అనే బదులు ‘బంతి నెట్‌కు జానెడు ఎత్తులో పోవాలి’, ‘నేలను వెనక్కి తన్నెయ్’, ‘ఆ గోనెసంచి దాటి దూకు’ అనాలి. తెలుగు పీఈటీల నోట ఇలాంటి మాటలు ఎన్నో సహజంగానే ఉన్నాయి. శిక్షణ పుస్తకాలు చదివాక వాటిని మొరటు మాటలని వదిలేయడం నష్టం.

హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజి కథలో ఈ సూత్రాలు అంకెల రూపంలో కనిపిస్తాయి. విశాఖపట్నంలో పేద ఇంట పుట్టిన ఈ అమ్మాయి హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర సాధన చేసింది. వంద మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు. అంతకంటే వేగంగా జ్యోతి రెండుసార్లు పరుగెత్తినా అవి లెక్కకు రాలేదు. 2020లో డోపింగ్ పరీక్ష జరగనందువల్ల ఒకటి పోయింది, 2022 ఏప్రిల్‌లో వెనకగాలి సెకనుకు 2.0 మీటర్ల పరిమితి కంటే ఒక్క పదో వంతు ఎక్కువగా వీచినందువల్ల రెండోది పోయింది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేర నమోదైంది. అదే ఏడాది అక్టోబరులో 12.82, 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగిన తొలి భారతీయురాలు ఆమే.

ఏడాదిన్నర లోపల అర సెకను దాకా తగ్గడం ఎంత పని అన్నది ఆ పోటీ కొలతలు చూస్తే అర్థమవుతుంది. తొలి హర్డిల్ 13 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆపైన 8.5 మీటర్లకొకటి చొప్పున మరో తొమ్మిది హర్డిళ్లు, చివర 10.5 మీటర్ల పరుగు. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య మూడే అడుగులు. ఒక్కో హర్డిల్ దగ్గర అర పదో వంతు సెకను మిగిలినా పదింటికీ కలిసి అర సెకను అవుతుంది. ఆ మిగులు రావాలంటే హర్డిల్ మీదుగా ఎగిరే ఎత్తు తగ్గాలి, ముందుకాలు త్వరగా నేలను అందుకోవాలి, వెనకకాలు చంక కిందినుంచి తిరిగి రావాలి, మూడడుగుల లయ చెదరకూడదు. వీటిలో ఏ ఒక్కటీ వంద మీటర్లు పూర్తిగా పరుగెత్తడం వల్ల రాదు. హర్డిల్ పక్కగా నడుస్తూ వెనకకాలు ఒక్కటే దాటించడం, రెండు హర్డిళ్లనే పెట్టి మధ్య దూరాన్ని కుదించి లయ పట్టుకోవడం, మొదటి హర్డిల్ వరకే స్టార్ట్ చేయడం వంటి విడి సాధనలతో వస్తుంది. బడిలో ఇనుప హర్డిళ్లు లేకపోయినా ఇబ్బంది లేదు. రెండు ఇటుకల దొంతుల మీద పీవీసీ పైపును ఊరికే ఆనిస్తే కాలు తగిలినా పైపే కిందపడుతుంది, పిల్ల పడదు.

బ్యాడ్మింటన్‌లో తెలుగువారు చూపిన దారి మరో కోణాన్ని చెబుతుంది. పాత ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో 1973లో పుట్టిన పుల్లెల గోపీచంద్ మోకాలి గాయాలను, శస్త్రచికిత్సలను తట్టుకుని 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత హైదరాబాద్ గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి సాధనకు ఒక పద్ధతి ఏర్పరచాడు. ఆ పద్ధతిలో మెచ్చుకోదగ్గది ఒక్కో ఆటగాడి లోపాన్ని విడిగా చూడటం. గుంటూరు నుంచి వచ్చిన కిడాంబి శ్రీకాంత్ జూనియర్‌గా ఎక్కువగా డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవాడు. అతన్ని సింగిల్స్‌కు మళ్లించినవాడు గోపీచంద్. శ్రీకాంత్ 2014 చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఓడించాడు, 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. పీవీ సింధు విషయంలో లోపం ఒంట్లో కాక స్వభావంలో కనిపించింది. కోర్టులో ఆమె నెమ్మదిగా, బిడియంగా ఉండేది. చుట్టూ అందరూ చూస్తుండగా కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరిచేదాకా గోపీచంద్ ఊరుకోలేదు. 2016 రియోలో రజతం నాటికి ఆ అరుపు ఆమె ఆటలో భాగమైపోయింది. ఎదురాడే ధైర్యం కూడా అభ్యాసంతో వచ్చేదేనని దీన్నిబట్టి తెలుస్తుంది. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 110 నిమిషాలు పోరాడి ఒకుహారా చేతిలో ఓడిన సింధు, 2019 ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించింది. ఆ ఏడాది కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ ఆమె ఆటలోని లోటుపాట్ల మీద ప్రత్యేకంగా పనిచేసింది.

అకాడమీలను చూసి, ఆరేళ్లకే పిల్లవాడిని ఒకే ఆటలో పడేయాలని కొందరు తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఇది సరైన దారి కాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. గ్యూలిష్, మెక్‌నమారా, హాంబ్రిక్ పెద్ద సంఖ్యలో ఆటగాళ్ల వివరాలు కూర్చి చూస్తే, ప్రపంచస్థాయికి చేరిన పెద్దలు, జాతీయస్థాయిలో ఆగిపోయినవారి కంటే చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారని, అసలు ఆటను కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారని, తొలినాళ్లలో నెమ్మదిగా ఎదిగారని తేలింది. జూనియర్ పోటీల్లో మెరిసేవారి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కాబట్టి అండర్-14 పతకం కోసం చేసే సాధనా, పెద్దయ్యాక ఆడగలగడం కోసం చేసే సాధనా ఒకటి కావు. చింతచెట్టు కింద కోతికొమ్మచ్చి, బిళ్లంగోడు, చెడుగుడు, చెరువులో ఈత అన్నీ ఆడుతూ పన్నెండేళ్లు వచ్చిన పిల్లవాడు ఆలస్యమైపోయినవాడు కాడు. ఒడుపు, సమతూకం, గురి, ఊపిరి అతనిలో అప్పటికే ఉన్నాయి.

స్కూల్ గేమ్స్ ఎంపికలప్పుడు మరో తప్పు జరుగుతుంది. అబ్బాయిలు సుమారు 14 ఏళ్ల వయసులో, అమ్మాయిలు సుమారు 12 ఏళ్లలో అన్నిటికంటే వేగంగా ఎత్తు పెరుగుతారు. ఇది ఒకరిలో రెండేళ్లు ముందూ, ఒకరిలో రెండేళ్లు వెనకా కావచ్చు. అండర్-14 జట్టు ఎంపికలో మీసం మొలుస్తున్న కుర్రవాడు, గొంతు కూడా మారని కుర్రవాడు పక్కపక్కన నిలబడతారు. ఎంపికయ్యేది మొదటివాడే. వయసు గీతకు అటూ ఇటూ పుట్టిన నెలలు కూడా ఇలాగే పనిచేస్తాయని 1985లో కెనడా ఐస్ హాకీ జట్ల మీద బార్న్‌స్లీ చేసిన పరిశోధన చూపింది. ఎంపిక కాని చిన్నవాడికి సాధన ఆపేయడమే అసలు అన్యాయం. ఒళ్లు చిన్నదైనందువల్ల అతను ఒడుపుతోనే నెగ్గుకు రావాలి. రెండేళ్లు పోయాక ఎత్తు కూడా వచ్చిందంటే అతనే ముందుంటాడు. పొడవు వేగంగా పెరిగే నెలల్లో మోకాలి కింద, మడమ దగ్గర నొప్పులు రావడం, నిన్నటిదాకా వచ్చిన ఒడుపు తప్పడం మామూలే. మూడు నెలలకోసారి గోడమీద గీత గీసి ఎత్తు రాసుకునే పీఈటీ ఆ దశను ముందే పసిగట్టి దూకుళ్లు, గెంతులు తగ్గిస్తాడు.

నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచు పిల్లలు ఉన్నారు. విల్లు వాళ్ల పెద్దల చేతిలో ఉన్న పనిముట్టు. విలువిద్య అనగానే వాళ్లు గుర్తుకు రావడం సహజం. రాజస్థాన్‌కు చెందిన గిరిజన యువకుడు లింబారామ్ 1987లో జరిపిన ఎంపికలో దొరికి, మరుసటి ఏడాదే 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. విజయవాడ నుంచి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. అయితే అడవి విల్లు పట్టిన చేయి ఒలింపిక్ విల్లుతో దానంతట అదే గురి పెట్టలేదు. ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుతో 70 మీటర్ల దూరం నుంచి, కొలిచిన సమయంలో, ఒక్కో బాణాన్నీ ఒకే తీరున వదలాలి. నిలువు, పట్టు, లాగుడు, గడ్డం దగ్గర ఆనిక, వదులు వీటన్నిటినీ మొదట అయిదు మీటర్ల దూరంలో గడ్డిమోపు ముందు నిలబెట్టి నేర్పాలి. గిరిజన గురుకులాల్లో ఇలాంటి పని నిలకడగా సాగాలంటే కావలసింది ఏడాదికోసారి జరిగే పోటీ కాదు, ఏడాది పొడుగునా ఉండే ఒక కోచ్.

మోతాదు మించితే గురి గల సాధన కూడా చేటే. 2015లో జయంతి, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, వారానికి తమ వయసు కంటే ఎక్కువ గంటలు సాధన చేసే పిల్లలకు తీవ్రమైన అరుగుదల గాయాలు ఎక్కువగా కనిపించాయి. పదమూడేళ్ల పిల్లకు వారానికి పదమూడు గంటలు పైహద్దు అనుకోవచ్చు. 2014లో మిలెవ్‌స్కీ బృందం రాత్రి ఎనిమిది గంటల కంటే తక్కువ నిద్రపోయే పిల్లలకు గాయాల ముప్పు 1.7 రెట్లని చూపింది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పరుగెత్తించేవారు ఆ పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుందో అడిగి తెలుసుకోవాలి. పశ్చిమ ప్రకాశంలో ఎండ, నీరు మరీ ముఖ్యం. మార్చి దాటాక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మైదానం జోలికి పోకూడదు. వేసవి మొదట్లో పది పన్నెండు రోజులు మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటిని వేడికి అలవాటు చేయాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ దెబ్బతీస్తున్న ప్రాంతం ఇది. మామూలు మనిషి కంటే రెట్టింపు నీళ్లు తాగే ఆటగాడికి ఏ నీళ్లు అందుతున్నాయన్నది కోచ్‌కు పట్టవలసిన విషయమే. అమ్మాయిల్లో రక్తహీనత విస్తారంగా ఉంది. ఆయాసంతో వెనకబడుతున్న అమ్మాయిని బద్ధకమని గద్దించే ముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం ధర్మం. నెలసరి రోజుల్లో ఎంత చేయాలో ఆ అమ్మాయే చెప్పగలగాలి. అందుకు మైదానంలో ఒక ఆడ టీచరు ఉండటం, తలుపున్న మరుగుదొడ్డి ఉండటం కూడా సాధనలో భాగమే.

ఇవన్నీ ఒక మామూలు బడిలో ఇమిడే తీరు కష్టమేమీ కాదు. 45 నిమిషాల్లో పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడానికి, అందులోనే దూకి నేల మీద మెత్తగా దిగడం, ఒంటికాలి సమతూకం ఉండాలి. తర్వాత పదిహేను నిమిషాలు ఆ వారపు ఒక్క నైపుణ్యం, ముగ్గురు నలుగురు పిల్లలకొక జట్టుగా. అందరూ వరుసలో నిలబడి వంతుకోసం చూస్తుంటే సాధన జరగనట్టే. ఆ తర్వాత పదిహేను నిమిషాలు చిన్న ఆట. ఆ ఆట నియమాల్లోకి ఆ వారపు నైపుణ్యాన్నే చొప్పించాలి. కబడ్డీలో ఒకే మూలకు పోయే రైడర్ లోపం మీద పనిచేస్తున్న వారంలో, రెండో మూలనుంచి తెచ్చిన పాయింటుకు రెండు పాయింట్లు లెక్కేస్తే పిల్లలు తామే అటు పోతారు. చివరి అయిదు నిమిషాలు రాతకు.

ప్రతి పిల్లకూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండాలి. తేదీ, ఆ రోజు పట్టిన పని, ఇరవైలో ఎన్ని సరిగా వచ్చాయి, రేపు ఏం చేయాలి, ఈ నాలుగు వరుసలు చాలు. నెలకొకసారి ముప్పై మీటర్ల పరుగు, నిలబడి దూకే దూరం, ఆ ఆటకు సంబంధించిన ఒక నైపుణ్య పరీక్ష కొలిచి రాయాలి. పక్కవాడితో పోల్చకుండా కిందటి నెల అంకెతో పోల్చాలి. ఈ ప్రాంతంలో పనుల కోసం వలసపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు తల్లిదండ్రుల వెంట రెండు మూడు నెలలు వెళ్లి, తిరిగి వస్తారు. పుస్తకం పిల్లవాడి దగ్గరే ఉంటే, చేరిన ఊళ్లో బడి మైదానం ఉన్నా లేకపోయినా, గోడకు బంతి కొట్టుకుంటూ, కూర్చున్న చోటునుంచి లేచి అయిదు మీటర్లు పరుగెత్తుకుంటూ సగం పనైనా నిలబెట్టుకోగలడు. తిరిగి వచ్చిన తొలి రెండు వారాలు మునుపటి మోతాదులో సగంతో మొదలుపెట్టి, పుస్తకంలో ఆగిన అంకె దగ్గరికి మూడో వారానికి చేర్చాలి. ఈలోపు పోటీలు వచ్చినా అతన్ని దించకూడదు.